అర మార్కు బాకీ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో మన పాఠశాల విశ్రాంత గణిత ఉపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, నాతో పాటు సుద్దముక్క పట్టుకుని పనిచేసిన ఉపాధ్యాయ మిత్రులకు, ఎక్కడెక్కడి నుంచో సెలవులు పెట్టుకుని వచ్చిన నా పిల్లలందరికీ నమస్కారం. పిల్లలు అంటున్నాను గానీ, ముందు వరుసలో కూర్చున్న కొందరికి మనవలు కూడా ఉన్నారని తెలుసు. ఏం చేస్తాం, నాకు అలవాటు పోదు.

సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "సార్, ఒక ఇరవై నిమిషాలు మీరు మాట్లాడాలి, పాత జ్ఞాపకాలు ఏవైనా చెప్పండి" అన్నారు. జ్ఞాపకాలు నా కంటే బాగా చెప్పగలిగిన వాళ్ళు ఈ వేదిక మీద ఉన్నారు. నాకు చేతనైంది లెక్కల పాఠం ఒక్కటే. అందుకని పాఠమే చెబుతాను. ఆరో తరగతి పాఠం, రోమన్ అంకెలు. ఈ పాఠాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ పాఠంలో నేను ఒక విద్యార్థికి అర మార్కు బాకీ పడ్డాను. ముప్పై ఏడేళ్ళయింది. ఈ రోజు అది తీర్చుకోవాలి.

స్టేజీ మీద బ్లాక్ బోర్డు లేదు. అక్షరాలు నోటితోనే చెబుతాను, మీరు అరచేతిలో వేలితో రాసుకోండి. సావనీరులో వేసేటప్పుడు కూడా నేను పలికినట్టే అచ్చు వేయమని అడిగాను.

మన తరగతి గదుల తలుపుల మీద నల్ల రంగుతో వి-ఐ, వి-ఐ-ఐ, ఎక్స్ అని రాసి ఉండేవి గుర్తున్నాయా? ఆరో తరగతిలో చేరిన రోజున చాలామంది వాటిని ఇంగ్లీషు అక్షరాలే అనుకునేవాళ్ళు. చూడ్డానికి అక్షరాలే, కానీ అక్కడ అవి అంకెలు. మొత్తం ఏడే ఏడు. ఐ అంటే 1, వి అంటే 5, ఎక్స్ అంటే 10, ఎల్ అంటే 50, సి అంటే 100, డి అంటే 500, ఎం అంటే 1000. వరుస మర్చిపోతే ఒక చిట్కా. 1ని 5తో గుణిస్తే 5, దాన్ని 2తో గుణిస్తే 10, మళ్ళీ 5తో 50, 2తో 100, 5తో 500, 2తో 1000. ఐదు, రెండు, ఐదు, రెండు అని పోతుంది. ఇవాళ మన సంఘానికి యాభై నిండాయి కాబట్టి, రోమన్ పద్ధతిలో మనం ఎల్ పండుగ చేసుకుంటున్నాం.

ముందు చదవడం నేర్చుకుందాం. అంటే రోమన్ అంకెను మామూలు అంకెగా మార్చడం. సూత్రం ఒక్కటే. ఎడమ నుంచి కుడికి వెళ్ళండి. ఒక అక్షరం విలువ, దాని కుడి పక్కన ఉన్న అక్షరం విలువ కంటే తక్కువైతే తీసేయండి. తక్కువ కాకపోతే కలపండి.

సంఘం పెట్టిన సంవత్సరాన్నే తీసుకుందాం. ఎం-సి-ఎం-ఎల్-ఎక్స్-ఎక్స్-ఐ-వి. మొదటి ఎం, దాని పక్కన సి. వెయ్యి కంటే వంద చిన్నది కాబట్టి వెయ్యి కలుపుతాం, 1000. తర్వాత సి. దాని పక్కన ఎం ఉంది, వంద కంటే పెద్దది. కాబట్టి వంద తీసేస్తాం, 900. తర్వాత ఎం కలుపుతాం, 1900. ఎల్ కలిపితే 1950. రెండు ఎక్స్‌లు కలిపితే 1970. తర్వాత ఐ, దాని పక్కన వి. ఒకటి తీసేస్తే 1969, ఐదు కలిపితే 1974. అయిపోయింది.

ఇలా తీస్తూ కలుపుతూ పోవడం కష్టంగా ఉన్నవాళ్ళకు నేను ఇంకో దారి చెప్పేవాణ్ణి. తీసివేత జంటలు ఆరే ఆరు. ఐ-వి 4, ఐ-ఎక్స్ 9, ఎక్స్-ఎల్ 40, ఎక్స్-సి 90, సి-డి 400, సి-ఎం 900. ముందు ఈ జంటలు ఎక్కడున్నాయో చూసి వాటి కింద గీత గీయండి. ఆ తర్వాత అంతా కూడికే. మన 1974లో జంటలు రెండు, సి-ఎం, ఐ-వి. వెయ్యి, తొమ్మిది వందలు, యాభై, పది, పది, నాలుగు.

ఇక రెండో వైపు, మామూలు అంకెను రోమన్‌లోకి మార్చడం. ఇక్కడే పిల్లలు ఎక్కువ తప్పులు చేసేవాళ్ళు. దీనికి కూడా సూత్రం ఒక్కటే. సంఖ్యను వేలు, వందలు, పదులు, ఒకట్లుగా విడగొట్టండి. ఒక్కో ముక్కను విడిగా రాయండి. పక్కపక్కన పెట్టేయండి. 1947 తీసుకోండి. 1000కి ఎం. 900కి సి-ఎం. 40కి ఎక్స్-ఎల్. 7కి వి-ఐ-ఐ. అన్నీ వరసగా పెడితే ఎం-సి-ఎం-ఎక్స్-ఎల్-వి-ఐ-ఐ.

ఒక్కో ముక్కకు ఎన్ని ఆకారాలు నేర్చుకోవాలి? తొమ్మిదే. ఒకటి నుంచి తొమ్మిది దాకా వచ్చినవాడికి పదులూ వందలూ వచ్చినట్టే. ఒకట్లలో ఐ, వి, ఎక్స్ పనిచేస్తాయి. పదుల్లో అదే పని ఎక్స్, ఎల్, సి చేస్తాయి. వందల్లో సి, డి, ఎం చేస్తాయి. 7 అంటే వి-ఐ-ఐ. 70 అంటే ఎల్-ఎక్స్-ఎక్స్. 700 అంటే డి-సి-సి. ఆకారం ఒక్కటే, అక్షరాలు మారాయి.

ఇప్పుడు 99 ఎంత? ఈ హాల్లో ఇంజనీర్లు చాలామంది ఉన్నారు. "వందకు ఒకటి తక్కువ, ఐ-సి" అని మనసులో అనుకున్నవాళ్ళు నిజం ఒప్పుకోండి. ప్రతి ఏడాదీ తరగతిలో సగం మంది అదే రాసేవాళ్ళు. ఇప్పటి పద్ధతిలో అది కుదరదు. ముందు విడగొట్టాలి. 90, 9. ఎక్స్-సి, ఐ-ఎక్స్. కాబట్టి ఎక్స్-సి-ఐ-ఎక్స్. అలాగే 49 అంటే ఐ-ఎల్ కాదు, ఎక్స్-ఎల్-ఐ-ఎక్స్. ఐ అనే అక్షరం వి ముందు, ఎక్స్ ముందు మాత్రమే నిలబడి తీసివేత చేస్తుంది. ఎక్స్‌కు ఎల్, సి. సికి డి, ఎం. ఐదుతో మొదలయ్యే వి, ఎల్, డి తీసివేతకు రావు, ఒకదాని పక్కన ఒకటి రెండుసార్లూ రావు. ఈ నిబంధనలు బట్టీ పట్టనక్కరలేదు. సంఖ్యను విడగొట్టి రాసేవాడు వీటిని తప్పమన్నా తప్పలేడు.

ఈ లెక్కతో మన బ్యాచ్‌లు చూద్దాం. 1988లో పదో తరగతి రాసినవాళ్ళు చేతులెత్తండి. ఈ యాభై ఏళ్ళలో అందరి కంటే పొడుగు సంవత్సరం మీదే. ఎం-సి-ఎం-ఎల్-ఎక్స్-ఎక్స్-ఎక్స్-వి-ఐ-ఐ-ఐ. పదకొండు అక్షరాలు. 2000 బ్యాచ్ వాళ్ళది ఎం-ఎం, రెండే అక్షరాలు. ఈ ఏడాది 2024. 2000కి ఎం-ఎం. వందల చోట సున్నా ఉంది, దానికి ఏం రాయాలి? ఏమీ రాయక్కరలేదు, ఎందుకంటే రోమన్ అంకెల్లో సున్నాకు అక్షరమే లేదు. 20కి ఎక్స్-ఎక్స్, 4కి ఐ-వి. ఎం-ఎం-ఎక్స్-ఎక్స్-ఐ-వి. ఈ పద్ధతిలో 3999 వరకు రాయవచ్చు. ఆ పైన రాయాలంటే అక్షరం నెత్తి మీద అడ్డగీత గీసి వెయ్యి రెట్లు అనుకోవాలి. మన పిల్లలకు అంత అవసరం ఎప్పుడూ రాలేదు.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. మన తాతల కాలం నాటి తెలుగు పుస్తకాలు తెరిస్తే పేజీల సంఖ్యలు తెలుగు అంకెల్లో ఉంటాయి. ౧౯౭౪ అని ఉంటే దాన్ని 1974గా మార్చడానికి లెక్క అక్కరలేదు. ఒక్కో అంకె ఆకారం తెలిస్తే చాలు, చోటుకు చోటు సరిపోతుంది. బట్టలు మార్చినట్టు. రోమన్ అంకెతో అలా కుదరదు. 1974లో నాలుగు అంకెలు, రోమన్‌లో ఎనిమిది అక్షరాలు. మన 1974లో 9 ఉన్న చోటే దాన్ని తొమ్మిది వందలు చేస్తుంది. రోమన్ అంకెల్లో చోటుకు ఆ బలం లేదు. ఎక్స్ ఎక్కడున్నా పదే, కలపాలో తీయాలో పక్కవాణ్ణి బట్టి తేలుతుంది. అందుకే రోమన్లు కాగితం మీద లెక్కలు చేయలేదు. గీతలు గీసిన పలక మీద గులకరాళ్ళు జరిపి చేసేవాళ్ళు. లాటిన్‌లో చిన్న రాయిని కాల్క్యులస్ అంటారు. ఇంటర్‌లో మిమ్మల్ని ఏడిపించిన ఆ పేరు ఆ రాయిదే.

చోటును బట్టి విలువ మారే మన పద్ధతి, సున్నాతో సహా, భారతదేశం నుంచి అరబ్బుల ద్వారా ఐరోపాకు వెళ్ళింది. సున్నాతో కూడికలు, తీసివేతలు ఎలా చేయాలో బ్రహ్మగుప్తుడు 628లోనే నియమాలు రాశాడు. ఇటలీలో ఫిబొనాచి అనే ఆయన 1202లో ఈ భారతీయ అంకెల గురించి పెద్ద గ్రంథమే రాశాడు. అయినా 1299లో ఫ్లోరెన్స్ నగరంలోని డబ్బు మార్పిడి వర్తకుల సంఘం, ఈ కొత్త అంకెలతో ఖాతాలు రాయకూడదని నిబంధన పెట్టింది. రోమన్ అంకెల్లోనో మాటల్లోనో రాయాలంది. సున్నాను 6గానో 9గానో దిద్దేయవచ్చన్న భయం ఒక కారణమని చరిత్రకారులు అంటారు. అలవాటైన పద్ధతి ఒక్కటే సరైనదని పెద్దవాళ్ళు గట్టిగా నమ్మడం ఆ రోజుల నుంచీ ఉంది. నేను చేసిందీ అదే. ఇప్పుడు ఆ సంగతికి వస్తాను.

1987. ఆరో తరగతి యూనిట్ టెస్టు, 25 మార్కులు. చివర్లో బిట్లు, ఒక్కోటి అర మార్కు. ఒక బిట్టు, 4ను రోమన్ అంకెలో రాయుము. నలభై మంది ఐ-వి అని రాశారు, కొందరు తిరగేసి వి-ఐ అని రాశారు. ఒక్క అబ్బాయి మాత్రం నాలుగు ఐలు రాశాడు. ఐ-ఐ-ఐ-ఐ. నిలువుగా నాలుగు గీతలు. మిగతా పేపరంతా సరిగ్గా ఉంది. నేను ఎర్ర సిరాతో ఇంటూ పెట్టి అర మార్కు కోశాను. 24½.

పేపర్లు ఇచ్చిన రోజున అతను లేచి నిలబడ్డాడు. అతనే క్లాసు లీడరు. సుద్దముక్కల డబ్బా తేవడానికి రోజూ హెడ్మాస్టరు గారి గదికి వెళ్ళేవాడు. "సార్, హెడ్మాస్టరు గారి గదిలో గడియారం మీద నాలుగుకి నాలుగు గీతలే ఉన్నాయి సార్" అన్నాడు. అల్లరిగా అనలేదు. చూసింది చెప్పాడు.

నేనేమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "గడియారం చేసినవాడు నీకు లెక్కల మాస్టారా, నేనా? అలా ఉండదు. పుస్తకం చూసుకో" అన్నాను. తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. అతను కూర్చున్నాడు.

నేను చేయాల్సిందల్లా హెడ్మాస్టరు గారి గదిదాకా నడవడం. మా తరగతి గది నుంచి ముప్పై అడుగులు. నడవలేదు. ఆ తర్వాత నాలుగేళ్ళు, పదో తరగతి వరకు అతను నా దగ్గరే చదివాడు. మార్కులు ఎప్పుడూ మంచివే వచ్చాయి. కానీ నా పీరియడ్‌లో మళ్ళీ ఒక్క ప్రశ్న అడగలేదు. పుస్తకంలో ఉన్నదే రాసేవాడు. అప్పుడు నేను దాన్ని బుద్ధిమంతుడయ్యాడు అనుకున్నాను.

2014లో నేను రిటైరైన రోజున పెన్షన్ కాగితాల మీద సంతకాలు చేయడానికి హెడ్మాస్టరు గారి గదిలో కూర్చున్నాను. గుమస్తా గారు ఏదో కాగితం జిరాక్సు తేవడానికి వెళ్ళారు. చేయడానికి ఏమీ లేక తల పైకెత్తాను. ఎదురుగా గోడ మీద ఆ పాత కీ గడియారం. మూడు తర్వాత నాలుగు నిలువు గీతలు. ఐ-వి కాదు. ఐ-ఐ-ఐ-ఐ. ముప్పై ఏళ్ళు ఆ గడియారం చూసుకునే పీరియడ్లకు పరిగెత్తాను. టైము చూశాను, అంకెలు చూడలేదు. పదకొండేళ్ళ పిల్లవాడు చూశాడు.

రిటైరయ్యాక తీరిక దొరికింది కదా, ఈ సంగతి తెలుసుకోవడం మొదలుపెట్టాను. మీ ఇళ్ళల్లో రోమన్ అంకెలున్న పాత గోడ గడియారం ఉంటే ఇంటికి వెళ్ళాక చూడండి. ఎక్కువ వాటి మీద నాలుగు గీతలే ఉంటాయి. లండన్‌లో బిగ్ బెన్ అని మనం పిలిచే గడియారం మాత్రం వేరు, దాని మీద ఐ-వి ఉంది. గడియారాలకు ఈ అలవాటు ఎందుకొచ్చిందో చెప్పే కథలు చాలా ఉన్నాయి, ఒక్కదానికీ గట్టి రుజువు లేదు. ఎదురుగా ఉన్న ఎనిమిదికి, అంటే వి-ఐ-ఐ-ఐకి సమానంగా నిండుగా కనిపించాలని అలా వేస్తారని కొందరంటారు. ఇంకో సంగతి నేనే లెక్క వేసి చూశాను. నాలుగు గీతలు వేస్తే ముఖం మీద మొత్తం ఐలు 20, విలు 4, ఎక్స్‌లు 4 వస్తాయి. మూడూ నాలుగుతో భాగించబడతాయి. మొదటి నాలుగు గంటల్లో ఐలు మాత్రమే, తర్వాతి నాలుగింటిలో వి, చివరి నాలుగింటిలో ఎక్స్. ముఖం మూడు సమాన భాగాలవుతుంది. ఐ-వి వేస్తే ఈ పొందిక చెడుతుంది. కాగితం మీద మీరూ వేసి చూడండి.

మరి రోమన్ల సంగతేమిటి? వాళ్ళేం రాసేవాళ్ళు? ఇక్కడ నాకు ఇంకా సిగ్గేసింది. రోమ్ నగరంలో కొలోసియం అనే పెద్ద రంగస్థలం ఉంది కదా, క్రీ.శ. 80లో ప్రారంభించారు. ప్రేక్షకులు ఏ ద్వారం నుంచి లోపలికి వెళ్ళాలో తెలియడానికి ద్వారాల మీద అంకెలు చెక్కారు. సినిమా హాల్లో గేటు నంబర్ల లాగా. వాటిలో 44వ ద్వారం మీద ఏముందో తెలుసా? ఎక్స్-ఎల్-ఐ-ఐ-ఐ-ఐ. 40కి తీసివేత పద్ధతి, 4కి నాలుగు గీతలు. రెండు పద్ధతులూ ఒకే సంఖ్యలో! ఆ రాయి చెక్కినవాడు నా పరీక్ష రాసి ఉంటే నేను అర మార్కు కోసేవాణ్ణి. రోమన్ అంకెలు తెలియవని రోమన్‌కే చెప్పేవాణ్ణి.

ఇంకొకటి. జర్మనీలో బాన్ నగరం మ్యూజియంలో ఒక రోమన్ సైనికాధికారి స్మారక శిల ఉంది. ఆయన పేరు మార్కస్ సీలియస్. క్రీ.శ. 9లో జర్మనీ అడవుల్లో జరిగిన యుద్ధంలో చనిపోయాడు. ఆయన 18వ దళానికి చెందినవాడు. మనం 18ని ఎక్స్-వి-ఐ-ఐ-ఐ అని రాస్తాం. ఆ రాయి మీద ఎక్స్-ఐ-ఐ-ఎక్స్ అని ఉంది. ఇరవైకి రెండు తక్కువ. నా పుస్తకం ప్రకారం అది పెద్ద తప్పు. కానీ లాటిన్‌లో పద్దెనిమిదిని పలికేదే అలా, ఇరవైలో రెండు తక్కువ అని. పంతొమ్మిది అంటే ఇరవైలో ఒకటి తక్కువ. మన తెలుగులో పది-ఎనిమిది, పది-తొమ్మిది అని కూడి చెబుతాం. సంస్కృతంలో మాత్రం పంతొమ్మిదిని ఏకోనవింశతి అంటారు, ఒకటి తక్కువ ఇరవై. హిందీ ఉన్నీస్ కూడా అదే. ఈ సంగతి చెప్పగానే మన పాత సంస్కృతం మాస్టారు, "మేం ఎప్పటి నుంచో చెబుతున్నాం, మీ లెక్కల వాళ్ళు వినరు" అన్నారు.

అంటే రోమన్ల కాలంలో ఒకే ఒక్క సరైన పద్ధతి అంటూ లేదు. కలిపి రాసినా, తీసి రాసినా చదివేవాడికి అర్థమయ్యేది. ఈ రోజు మన పుస్తకాల్లో ఉన్న కచ్చితమైన నిబంధనలు ఆ తర్వాతి కాలంలో కుదిరిన ఒప్పందం. ఒప్పందం మంచిదే. తరగతి గది తలుపు మీద, రాజ్యాంగం ఇంగ్లీషు ప్రతిలో భాగాల సంఖ్యల మీద తలా ఒక రకంగా రాస్తే గందరగోళం అవుతుంది. రాజ్యాంగంలో ఆదేశిక సూత్రాల భాగం ఐ-వి. 1976లో ప్రాథమిక విధులు దాని పక్కన ఐ-వి-ఎ అయి చేరాయి. అక్కడ ఎ మాత్రం అంకె కాదు, అక్షరమే. అందరూ ఒకే రకంగా రాస్తారన్న నమ్మకం ఉండబట్టే అది ఇబ్బంది లేకుండా చదువుతున్నాం. కాబట్టి నేను ఐ-వి అని నేర్పడం తప్పు కాదు. పరీక్షలో ఐ-వి అని రాయమనడమూ తప్పు కాదు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, "నువ్వు చూసింది నిజమే నాయనా, కానీ మన పుస్తకాల్లో ఇలా రాయాలని ఒప్పుకున్నాం" అనాల్సిన చోట నేను "అలా ఉండదు" అన్నాను. ఉన్నదాన్ని లేదన్నాను. కళ్ళతో చూసి వచ్చిన పిల్లవాడికి, నీ కళ్ళు నమ్మకు, నా మాట నమ్ము అని నేర్పాను. గణితం నేర్పాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం. లెక్కల్లో మాస్టారు చెప్పాడు కాబట్టి ఏదీ నిజం కాదు. సరిచూసుకుంటే తేలాలి. ఇది నేను ప్రతి ఏడాదీ మొదటి రోజున తరగతిలో చెప్పేవాణ్ణి. ఆ ఒక్క రోజు అవసరమైనప్పుడు చేయలేదు.

ఇక్కడ ఇప్పుడు పనిచేస్తున్న ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. నా అనుభవంతో చెబుతున్నాను, నీతులు చెప్పడం లేదు. పిల్లవాడు తప్పు జవాబు రాసినప్పుడు, ఎందుకు రాశాడో ఒక్కసారి అడగండి. పది మందిలో తొమ్మిది మంది తెలియకే రాసి ఉంటారు. పదోవాడు ఎక్కడో చూసి రాసి ఉంటాడు. ఎక్కడ చూశావంటే చూపిస్తాడు. వాడితో పాటు మీరూ వెళ్ళి చూడండి. మార్కు వేయాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో తీరిక ఉండదని నాకు తెలుసు, సిలబస్ అయిపోవాలని తెలుసు. కానీ ఆ ముప్పై అడుగులు నడవకపోవడం వల్ల నాకు పోయింది ఒక విద్యార్థి ప్రశ్నలు.

పూర్వ విద్యార్థులకు కూడా ఒక మాట. మీలో చాలామంది ఇప్పుడు తల్లిదండ్రులు. మీ పిల్లలు ఇంటికి వచ్చి, "మా టీచర్ ఇలా చెప్పింది, కానీ నేను వేరేగా చూశాను" అంటే, టీచరు మీద తగాదాకు వెళ్ళకండి, పిల్లవాణ్ణి నోరు మూయించకండి. ఇద్దరూ కలిసి సరిచూడండి. రోమన్ అంకెలతోనే మొదలుపెట్టవచ్చు. మీరు పుట్టిన సంవత్సరాన్ని వాళ్ళనీ, వాళ్ళు పుట్టిన సంవత్సరాన్ని మిమ్మల్నీ రోమన్‌లో రాయమనండి. ఎవరిది పొడుగో చూడండి. చాలాసార్లు పెద్దవాళ్ళదే పొడుగు కావచ్చు, 1900లన్నింటికీ ఆ సి-ఎం బరువు ఉంటుంది కదా.

ఇక బాకీ. సీలియస్ గారి శిల మీద ఇంకో అక్షరం ఉందని చెప్పలేదు. చనిపోయేనాటికి ఆయన వయసు యాభై మూడున్నర. ఎల్-ఐ-ఐ-ఐ అని చెక్కి, పక్కన ఎస్ అని పెట్టారు. ఎస్ అంటే సెమిస్, లాటిన్‌లో సగం. సున్నాకు గుర్తు లేని ఆ పద్ధతిలో అరకు గుర్తు ఉంది. అది చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది నా ఎర్ర సిరా.

ఆ విద్యార్థి ఈ సభలో ఉన్నాడో లేదో నాకు తెలియదు. పేరు గుర్తుంది, చెప్పను. పేరు చెప్పి పది మందిలో నిలబెట్టడం ఒకసారి చేశాను, చాలు. ఉంటే నా మాట వింటున్నాడు. లేకపోతే ఈ సావనీరు ఎప్పుడో చేరుతుంది. నాయనా, 1987 యూనిట్ టెస్టులో నీకు నేను వేసిన మార్కులు 24½. నా పద్ధతిలో రాస్తే ఎక్స్-ఎక్స్-ఐ-వి-ఎస్. నీ పద్ధతిలో రాస్తే ఎక్స్-ఎక్స్-ఐ-ఐ-ఐ-ఐ-ఎస్. ఆ రోజు నువ్వు చెప్పింది నిజం. నేను వెళ్ళి చూడకుండా మాట్లాడాను. నన్ను క్షమించు. ఈ రోజు ఆ అర మార్కు వేస్తున్నాను. ఇప్పుడు నీకు 25కి 25. ఎక్స్-ఎక్స్-వి. దాన్ని నీ పద్ధతిలో రాసినా, నా పద్ధతిలో రాసినా ఒక్కటే.

నా ఇరవై నిమిషాలు అయిపోయాయి. గడియారం చూసే చెబుతున్నాను.